ఓవియ ఇంటి నోరు

మా కొండల్లో మెద్దిస్ పదవి ఏడాదికొకరికి వస్తుంది. జలుబూ అంతే, కాకపోతే జలుబు చేసినవాడు కాస్త సిగ్గుపడి ఓ మూల కూర్చుంటాడు. మెద్దిస్ అయినవాడు ఊరి నడిమధ్య ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చుంటాడు. తీర్పులు ఆయనవే, పండగలు ఆయనవే, గొడవలొస్తే సేన ఆయన వెనకే. ఆఖరికి ఆ ఏడాది పుట్టిన దూడ వయసు చెప్పాలన్నా ఆయన పేరు తల్చుకోవాల్సిందే. ఊరి సొమ్ముతో ఏదో ఒకటి కట్టిస్తాడు. కట్టింది బాగుందో లేదో చూసి మెచ్చాల్సినవాడు కూడా ఆయనే. మా ఊళ్ళో ఏ గోడ దగ్గరికి వెళ్ళినా రాతిమీద అదే మాట ఉంటుంది: ఫలానావాడు కట్టించాడు, అతడే చూసి మెచ్చాడు. వండినవాడే తిని, వాడే లొట్టలేసి, ఆహా ఏం రుచి అని రాతిమీద చెక్కించుకోవడమన్నమాట. ఇదేం చోద్యమని మా వాళ్ళు ఒక్కరూ ఏనాడూ అడగలేదు.

ఓవియ అడిగేది. కాకపోతే ఊరిని కాదు, తన కాళ్ళ కింద నలిగే బట్టల్ని.

ఆవిడ ఉన్ని బట్టలు చలవ చేసే మనిషి. ఊరందరి ఉచ్చ కుండల్లో పట్టించి, పులియబెట్టి, తొట్టిలో పోసి, చౌడు కలిపి, పావడా మోకాళ్ళ పైకి దోపి బట్టల్ని పొద్దస్తమానం తొక్కేది. తర్వాత మంచినీళ్ళలో జాడించి, గంధకం పొగ పట్టించి ఆరేసేది. కాళ్ళు పగిలి, గోళ్ళు పసుపెక్కి, మనిషి దగ్గరికొస్తే పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. అయితేనేం, ఆవిడ చేతిలో పడ్డ ఉన్ని మంచులా తెల్లగా వచ్చేది. అదంతా ఇంటి వెనక ఊట చలవే. రాయి సందులోంచి ఎండాకాలం చలికాలం తేడా లేకుండా బుడబుడా వచ్చే నీళ్ళు. మొగుడు మినిస్, గొర్రెల మందను దింపుకుంటూ కొండదారిలో మంచుకు చిక్కి చచ్చిపోయాడు. పిల్లల్లేరు. ఆ ఊటే ఆవిడకి కూడు, గుడ్డ, మొగుడు, కొడుకు అన్నీను.

మెద్దిస్‌లు తొడుక్కునే ఎర్రంచు తెల్లంగీ కూడా ఏటేటా ఆవిడ దగ్గరికే వచ్చేది. కూరల మరకలు, సారా మరకలు, ఎవరి ముద్దులవో రంగు మరకలు. "చూడండే, ఊరి పెద్దరికమంతా నా ఉచ్చకుండలో నానుతోంది" అని పొరుగమ్మలకి చూపించి పకపకా నవ్వేది. మా ఊళ్ళో ఆడవాళ్ళకి సభలో మాట లేదు. మొగుడు పోయినదానికి పుట్టింటి మగవాడు ఆ ఇంటి నోరు. ఓవియ ఇంటికి నోరు ఆవిడ తమ్ముడు హేరెన్.

ఈ హేరెన్‌ని పెంచింది ఓవియే. తల్లి పోయేనాటికి వాడికి ముక్కు తుడుచుకోవడం కూడా రాదు. చంకనేసుకుని తిప్పింది, తన వాటా జున్ను వాడి నోట్లో పెట్టింది, జ్వరమొస్తే రాత్రుళ్ళు మేలుకుని కూర్చుంది. పెరిగి పెద్దయ్యాక వాడేం ఉద్ధరించాడయ్యా అంటే ఏమీ లేదు. గొర్రెల వెనక పోడు, కొడవలి పట్టడు. గొంతు మాత్రం బ్రహ్మాండం. అక్క ఇంట్లో గోధుమ జావ రెండు గిన్నెలు లాగించి, మీసం తుడుచుకుని, సంత మధ్యలో నిలబడి ఊరి మంచీ చెడ్డా మాట్లాడేవాడు. అటువంటివాణ్ణి ఏ ఊళ్ళోనైనా పనికిమాలినవాడంటారు. మా ఊళ్ళో మెద్దిస్‌ని చేశారు.

ఎలాగంటారా? ఆ ఏడు లాపోనీ వాళ్ళకీ, కింద వీధి పెద్దింటి వాళ్ళకీ పడలేదు. వీళ్ళవాడు కూర్చుంటే వాళ్ళు ఒప్పుకోరు, వాళ్ళవాడంటే వీళ్ళు కత్తులు తీస్తారు. చివరికి లాపోనీల పెద్ద ఊఫల్ లేచి, "ఎవరి మనిషీ కానివాడు మన హేరెన్ ఉన్నాడుగా" అన్నాడు. ఊఫల్ మహా తెలివైనవాడు. ఖాళీ సంచి దొరికితే అందులో ఏదైనా వేసుకోవచ్చని వాడికి తెలుసు.

హేరెన్ పరిగెత్తుకుంటూ అక్క దగ్గరికొచ్చాడు. "అక్కా, నన్నెన్నుకున్నారు! మెద్దిస్‌ని నేను!"

"ఒరేయ్, నీ మొహం చూసి ఎన్నుకున్నారనుకుంటున్నావా? ఇద్దరు కొట్టుకుంటుంటే మధ్యకి లాగిన బల్లవిరా నువ్వు."

"నీకెప్పుడూ ఎకసెక్కమే. నలుగురూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు తెలుసా?"

"లేవకేం చేస్తారు, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి" అంది ఓవియ. అంది గానీ మర్నాడు పొద్దుటే ఎర్రంచు అంగీని మంచి చౌడుతో తొక్కి, మూడు నీళ్ళు మార్చి, పొగబెట్టి, తన చేత్తో వాడి భుజాన వేసింది. వేస్తుంటే కళ్ళు తడిశాయి. గంధకం పొగ అని చెప్పింది. వాడు నమ్మాడు, వాడేమైనా నమ్ముతాడు.

అంగీ ఎక్కాక మనిషి మారిపోయాడు. మాట్లాడే ముందు దగ్గడం మొదలుపెట్టాడు. వీధిలో నడిస్తే ముందొకడు తప్పుకోండి తప్పుకోండని అరవాలి. అక్క ఇంటి జావ గొంతు దిగడం మానేసింది, ఊఫల్ ఇంట్లో అడవిపంది మాంసం దిగుతోంది. ఓవియ పట్టించుకోలేదు. ఎగిరినన్నాళ్ళు ఎగరనీ, ఏడాది ఎంతసేపు, అంగీ విప్పాక ఈ గుమ్మం తొక్కక ఎక్కడికి పోతాడు అనుకుంది.

ఆకులు రాలే కాలంలో ఒక పొద్దుట లేచి చూస్తే పెరట్లో పారలు పట్టుకుని మనుషులున్నారు. ఊట దగ్గర్నుంచి కాలవ తవ్వుతున్నారు.

"ఎవర్రా మీరు? ఎవరడిగి తవ్వుతున్నారు?"

"మెద్దిస్ గారి హుకుం అమ్మా. మెఫితి తల్లి గుడి ముందు తొట్టి కడుతున్నారుగా, నీళ్ళు అక్కడికి."

మెఫితి తల్లి మా ఊటలకి దేవత. ఆవిడ గుడి ముందు తొట్టి అంటే ఎవరు కాదంటారు? కానీ ఆ గుడికి ఆనుకునే ఊఫల్ లాపోనీ ఇల్లు ఉంది. తొట్టి నిండి పొర్లిన నీళ్ళు ఎవరి ద్రాక్షతోటలోకి పోతాయో గుడ్డివాడికి కూడా తెలుసు. ఓవియ తడికాళ్ళతోనే తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. వాడు ఎత్తు కుర్చీలో ఉన్నాడు.

"ఏరా, నా నీళ్ళు నీకెందుకురా?"

వాడు దగ్గాడు. "ఊరి కోసం అక్కా. తొట్టి నా పేరు మీద వస్తోంది. రాతి ఎద్దు నోట్లోంచి నీళ్ళు పడతాయి, చూడముచ్చటగా ఉంటుంది."

"ఊరంటే ఊఫల్ తోటా?"

"చిన్నగా మాట్లాడు."

"నేనెక్కడ జాడించుకోవాలిరా ఉన్ని? చెప్పు."

"ఏరు ఉందిగా."

ఏరు లోయ అడుగున ఉంది. దిగడానికే మోకాళ్ళు పోతాయి, తడిసిన ఉన్ని మోసుకుని ఎక్కడమంటే ఆవిడ వయసుకి చావే. శీతాకాలం ఏరు గడ్డకడుతుంది కూడా. ఈ సంగతి వాడికి తెలియదా? చిన్నప్పుడు ఆ ఏట్లో జారిపడితే జుట్టు పట్టి లాగింది ఎవరు?

"హేరెన్, నీళ్ళు పోతే నేను అడుక్కుతినాలిరా. తెలిసే చేస్తున్నావా?"

"నువ్వు మరీ చెబుతావు. మెచ్చుకోలు రోజు ఉంటుందిగా, ఏ ఇంటికి అభ్యంతరమున్నా చెప్పుకోవచ్చు. పద్ధతి ఉంది మనకి" అని చెయ్యి ఊపి పంపేశాడు.

ఆ మాట పట్టుకుని వేలాడింది ఓవియ. మెచ్చుకోలు రోజున ఒక్క ఇల్లు కాదన్నా పని అక్కడికి ఆగుతుంది, వచ్చే మెద్దిస్ చూసుకోవాలి. అది నిజమే. తన ఇంటి నోరు వాడే అన్నదీ నిజమే. అయినా నలుగురిలో నిలబడి అడిగితే ఎంత మెద్దిస్ అయినా తోడబుట్టినవాడు, ఆ మాత్రం సిగ్గుండదా అనుకుంది. ఊళ్ళో మగాళ్ళందర్నీ చీల్చి చెండాడే మనిషి, ఆ ఒక్కడి దగ్గర మాత్రం అంత అమాయకురాలు.

మెచ్చుకోలు రోజు ఊరంతా తొట్టి చుట్టూ చేరింది. రాతి ఎద్దు నోట్లోంచి ఓవియ నీళ్ళు ధారగా పడుతున్నాయి. పక్కనే హేరెన్ పేరు చెక్కిన రాయి, ఇంకా తెల్ల పొడి రాలుతూ. గుడి పూజారమ్మ వచ్చి, నీళ్ళు చల్లి, తొట్టిని తల్లికి ఇచ్చినట్టు హేరెన్ చేత గట్టిగా అనిపించింది. వాడు ఆ గొంతేసుకుని కొండలు దద్దరిల్లేలా అన్నాడు. తర్వాత చాటింపువాడు అరిచాడు: "ఈ పనిని కాదనే ఇల్లు ఏదైనా ఉందా?"

"ఉంది" అంది ఓవియ.

గుంపంతా తిరిగింది. మా ఊళ్ళో ఆ ప్రశ్నకి జవాబు రావడం అదే మొదలు. చాటింపువాడికి తర్వాతి మాట ఏమిటో గుర్తు రాలేదు పాపం. ఊఫల్ వాడి చెవిలో ఏదో ఊదాడు. "ఆడమాట చెల్లదు. ఈ ఇంటికి నోరెవరు?" అన్నాడు వాడు.

ఓవియ తమ్ముడి వంక చూసింది. తమ్ముడు తన చెప్పుల వంక చూసుకున్నాడు. అలా చూసుకుంటూనే ఉన్నాడు. ఆవిడ చూపు తిప్పుకుంది. గుంపులో పాకుల్ కనిపించాడు. గాడిదల పాకుల్, ఉచ్చకుండలూ ఉన్ని మూటలూ మోసే మనిషి. ఏటా కోతలయ్యాక జున్నుముద్ద పట్టుకొచ్చి, నన్ను చేసుకోవే ఓవియా అని అడుగుతాడు. ఏటా ఆవిడ జున్ను ఉంచుకుని వాణ్ణి పంపేస్తుంది.

"ఏమయ్యా పాకులూ" అంది అందరూ వినేలా, "నన్ను చేసుకుంటానంటివే. ఇంకా ఆ మాట మీదే ఉన్నావా?"

పాకుల్ మొహం వెలిగిపోయింది. "ఉన్నాను, ఉన్నాను!"

"అయితే రా, ఇక్కడే చెయ్యి పట్టుకో. పట్టుకుని, నా ఇంటికి అభ్యంతరముందని ఆ కుర్చీ వైపు తిరిగి చెప్పు."

పాకుల్ ఒక అడుగు వేశాడు. ఊఫల్ ఊరికే వాడికేసి చూశాడు, అంతే. వేసిన అడుగు ఎలా వెనక్కి తీయాలా అని పాకుల్ కాసేపు తంటాలు పడ్డాడు. "అదీ... గాడిదలకి మేత వేసి రాలేదు ఓవియా. రేపు మాట్లాడుకుందామా?" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. ఓవియ నవ్వలేదు.

అప్పుడు జరిగింది చూడాలి మీరు! హేరెన్ కుర్చీ దిగాడు. మెట్లు దిగి, జనంలోకొచ్చి, మామూలు మనిషిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఓవియ ఇంటికి నోరు నేను. ఆ ఇంటికి ఏ అభ్యంతరమూ లేదు" అని ఖాళీ కుర్చీకి విన్నవించాడు. మళ్ళీ మెట్లెక్కి, అంగీ సర్దుకుని, కుర్చీలో కూర్చుని, దగ్గి, "విన్నాం" అన్నాడు. కట్టించింది వాడు, మెచ్చింది వాడు, కాదనాల్సింది కూడా వాడే. ఇంత సభలో ఛీ అన్నవాడు లేడు. పైగా, పద్ధతి ఎంత బాగా పాటించాడో అని ముసలివాళ్ళు తలలూపారు. థూ, మా బతుకులు!

మర్నాటికి పెరట్లో ఊట చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఇంటి తొట్లో సగం తొక్కిన ఉన్ని ఉంది. ఉచ్చలో అలాగే వదిలేస్తే కుళ్ళిపోతుంది. ఊళ్ళోవాళ్ళ చలికాలపు దుప్పట్లన్నీ అందులోనే ఉన్నాయి. ఓవియ రాత్రి ఏడ్చినంత ఏడ్చింది. పొద్దున్నే లేచి, కుండలూ మూటలూ గుమ్మంలో పెట్టి, పాకుల్ ఇంటి తలుపు కాలితో తన్నింది.

"గాడిదలు మేశాయా?"

"ఓవియా, నిన్న నేను..."

"నీ సంగతి నాకొద్దు. గాడిదల్ని పంపు, వాటికి నీకంటే ధైర్యం ఎక్కువ."

ఆవిడ ఏ ఎత్తూ వేయలేదు. ఆ నిమిషాన తెలిసిందల్లా ఒక్కటే: ఉన్ని జాడించాలి, నీళ్ళు ఫలానాచోట ఉన్నాయి. గాడిదల్ని సరాసరి గుడి ముందుకి తోలింది. దుప్పట్లు రాతి తొట్లో పడేసింది. వాటి మీద కుండలు బోర్లించింది. పావడా ఎగదోపి, లోపలికి దిగి, తొక్కడం మొదలుపెట్టింది. పులిసిన ఉచ్చ కంపు గాలిలో లేచి ఊఫల్ లాపోనీ ఇంటి గోడ దూకింది. ఆ పూట వాళ్ళింట్లో పొరుగూరి చుట్టాలున్నారు. నోటి దాకా వెళ్ళిన చేతులు అక్కడే ఆగిపోయాయి.

క్షణంలో జనం. ఊఫల్ ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని వచ్చాడు. హేరెన్ అంగీ సగం తొడుక్కుని పరిగెత్తుకొచ్చాడు. "అక్కా! నీకు మతి పోయిందా? బయటికి రా!"

"జాడించడం కానీరా. మధ్యలో ఎలా వస్తాను?"

పూజారమ్మ గుళ్ళోంచి కర్ర పొడుచుకుంటూ వచ్చింది. వంగిపోయిన ముసలిది, గొంతు మాత్రం కొరడాలా ఉంటుంది. ఆవిడకి మెద్దిస్ ఒకటే, మేకపిల్ల ఒకటే. "తల్లి నీళ్ళు మైల చేశారు. మైల చేసిన ఇంటివాణ్ణి ఊరి ముందు కర్రలతో కొట్టాలి. వాడు మళ్ళీ ఎన్నడూ ఏ పదవీ ఎక్కకూడదు. ఈ ఇంటికి నోరెవరు?"

తలలు ఒకటొకటిగా హేరెన్ వైపు తిరిగాయి. తొక్కుతున్న ఓవియ కాళ్ళు ఆగాయి. అప్పటికి అర్థమైంది ఆవిడకి. అయ్యో అనిపించలేదా అంటే, ఒక్క క్షణం అనిపించింది.

"నేనా? అబ్బే" అన్నాడు హేరెన్. "మా బావ పోయాక ఆ ఇంటితో నాకు పెద్దగా..."

"నిన్న ఆ ఇంటి మాట చెప్పింది నువ్వు కాదూ?" అంది పూజారమ్మ. "నువ్వు కాదంటే సరే. అప్పుడు ఒకింటి మాట వినకుండానే పని మెచ్చినట్టు. ఆ మెచ్చుకోలు చెల్లదు. ఉలి తెప్పించు, రాతిమీద నీ పేరు చెరిపించేస్తాను."

హేరెన్ తన పేరున్న రాయి చూశాడు. కర్రలు పట్టుకున్న బంట్లని చూశాడు. వాళ్ళు తన బంట్లే. తన వీపు తనే కొట్టించుకోమని తనే హుకుం ఇవ్వాలి! ఊఫల్ ఆదుకుంటాడేమోనని ఆశగా చూశాడు. ఊఫల్ ఆకాశంలో మబ్బులు చూస్తున్నాడు.

"ఒరేయ్" అంది ఓవియ తొట్లోంచి, మెల్లగా. "అక్క నీళ్ళు అక్కకిచ్చేస్తున్నానని ఒక్క మాటను. నేను వీళ్ళ కాళ్ళు పట్టుకుంటాను. నీ ఒంటిమీద దెబ్బ పడనివ్వను."

ఆ మాట అంటే సరిపోయేది. ఓవియ జరిగిందంతా మర్చిపోయేది. కానీ అలా అంటే నిన్న తప్పు చేశానని ఒప్పుకోవాలి, రాయి పోతుంది. వాడు అక్క వంక చూడనైనా చూడలేదు. దగ్గి, గొంతు సవరించుకుని, రెండు చేతులూ చాచాడు.

"ఊరి ప్రజలారా! తల్లికి నేనిచ్చింది ఎద్దు నోట్లోంచి పడే ధార. కింద తొట్టి నేను కట్టించిందే మన ఆడపడుచులు బట్టలుతుక్కోవడానికి. ఇన్నాళ్ళూ వాళ్ళ కష్టం ఏ మెద్దిస్ చూశాడు? నేను చూశాను. కాబట్టి ఇక్కడ మైల లేదు. ఇది నా తీర్పు."

పూజారమ్మ వాణ్ణి పైనుంచి కిందికి చూసి, "నిన్ను కన్నది ఆడదేనా?" అని, కర్ర పొడుచుకుంటూ లోపలికి పోయింది. తీర్పుకి ఎదురు చెప్పే పద్ధతి మాకు లేదు. ఊఫల్ ముక్కు మూసుకునే ఇంటికెళ్ళి కిటికీలన్నీ వేయించాడు. జనం మాత్రం పొంగిపోయారు. ఎంత దయగల మెద్దిస్సమ్మా, ఆడవాళ్ళ కష్టం తెలిసినవాడమ్మా అని చప్పట్లు కొట్టారు. మా ఊరి చేతులకి చప్పట్లు తప్ప ఇంకేమీ రావు.

ఆ వారంలోనే రాతిమీద ఇంకో వరస చెక్కించాడు. ఓవియకి చదువు రాదు. పాకుల్ కూడబలుక్కుని చదివి పెట్టాడు: ఊరి ఆడవాళ్ళ కోసం ఉతికే తొట్టి ఇచ్చినవాడు కూడా ఇతడే. విన్నా ఆవిడ తొక్కుతూనే ఉంది.

చలికాలం వెళ్ళింది, హేరెన్ ఏడాది అయిపోయింది. కుర్చీ ఎక్కింది ఊఫల్ మేనల్లుడు. ఎర్రంచు అంగీ వాడి ఒంటిమీదికి పోయింది. ఊఫల్ ఇంట్లో పంది మాంసం వండుతూనే ఉన్నారు, హేరెన్‌కి మాత్రం పిలుపు రాలేదు. ఒక మధ్యాహ్నం వాడు సొంత అంగీ, మాసి చంకల్లో చిరిగింది, మడిచి పట్టుకుని తొట్టి దగ్గరికొచ్చాడు. ఆడవాళ్ళు వరసలో మూటలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాడు వాళ్ళని దాటుకుని ముందుకొచ్చి, చనువుగా గట్టుమీద కూర్చున్నాడు.

"చూశావా అక్కా? అప్పుడు తిట్టుకున్నావు. నీ కోసమే కదా ఇదంతా చేశాను."

ఓవియ వాడి మొహంలోకి చూసింది. ఎగతాళి కోసం వెతికింది, లేదు. సిగ్గు కోసం వెతికింది, అదీ లేదు. ఆ మాట వాడు నిజంగా నమ్మాడు. ఎదురుగా ఉన్నది కళ్ళలో కళ్ళు పెట్టి అబద్ధమాడుతున్న తమ్ముడైతే నాలుగు తిట్టి, చెంప మీదొకటిచ్చి, జావ పోసి ఉండేది.

"ఆకలేస్తోంది, ఏమన్నా వండావా?" అన్నాడు వాడు.

ఆవిడ చేతులు పావడాకి తుడుచుకుని, కొంగు సర్దుకుని, పరాయి మగవాడి ముందు నిలబడ్డట్టు కాస్త తల వంచింది.

"అయ్యా, మీరు గట్టు దిగండి" అంది. "అంగీ అక్కడ పెట్టి, వెళ్ళి ఆ చివర నిలబడండి. వీళ్ళందరూ మీకంటే ముందొచ్చారు."